దోసావకాయ: ఊరుట యనగా నేమి?

వంటకములు రెండు తెగలు. కొన్ని పొయ్యిమీదినుండి దింపినంతనే వడ్డింపదగినవి. ఆలస్యమైన కొలది వాని రుచి తగ్గును. మరికొన్ని ముందునాడు చేసి ఉంచిననే గాని రుచికి రానివి. వానికి నిప్పుతో పనిలేదు, కాలముతోనే పని. మన యిండ్లలో ఈ రెండవ తెగకు చెందినవానిలో మిక్కిలి సులభమైనది దోసావకాయ. రేపు చుట్టములు రానున్నారని తెలిసినను, ఇంట శుభకార్యము తలపెట్టినను, నేటి సాయంకాలమే దోసకాయలు తరిగి కలిపి జాడీలో ఉంచుట తెలుగువారి వాడుక. మామిడికాయ ఆవకాయ వేసవిలో పెట్టి సంవత్సరము పొడుగున వాడుకొనునది. దోసావకాయ యన్ననో ఏ ఋతువునందైనను పెట్టదగినది. ఒక దినము ఊరిన చాలును. కొలది దినములలో తినివేయవలసినది.

దీనిని పెట్టుట పెద్ద విద్య కాదు. కాని ఇందులో వృక్షశాస్త్రము, రసాయనశాస్త్రము, గణితము, వ్యాకరణము కొంచెము కొంచెముగా ఇమిడియున్నవి. ఏ పనిని ఎందులకు చేయుచున్నామో తెలియక చేసినచో, ఒకనాడు బాగుగా కుదిరినది మరియొకనాడు చెడును. కారణము తెలిసి చేసినచో చేయి తప్పదు. అందుచేత ఈ వ్యాసమున విధానముతో పాటు కారణములనుగూడ వివరింప బూనితిమి.

1. పేరు

దోసావకాయ అను మాటను విడదీసిన దోస, ఆవకాయ అను రెండు పదములు వచ్చును. ఆవకాయ యనగా ఆవపిండి పట్టించిన కాయ. దోస లోని తుది అకారము, పరమందున్న ఆకారమునకు చోటిచ్చి తొలగిపోయినది. ఇది అత్వసంధి. ఫలితము దీర్ఘముగా కనబడుటచే కొందరు విద్యార్థులు దీనిని సవర్ణదీర్ఘ సంధి యని వ్రాయుదురు. అది సంస్కృత పదములకు చెందిన సంధి. ఇచ్చట రెండును తెలుగు మాటలేయని గుర్తుంచుకొనవలెను.

దోసావకాయ ఊరగాయలలో ఒకటి. ఊరగాయ అను మాటయందే మన పాఠము యొక్క సారమంతయు ఉన్నది. ఊరిన కాయ గనుక ఊరగాయ. కూరగాయ యను మాటలో వలెనే ఇందును కాయ యనునది గాయ యైనది. మన ఇరుగుపొరుగు భాషలు దీనికి పెట్టిన పేర్లను పరిశీలించిన వేడుకగా నుండును. కన్నడమున ఉప్పినకాయి యందురు. అనగా ఉప్పు కాయ. మరాఠీలో లోణచే యందురు. లోణ్ యనగా లవణమే. ఒడియావారును హిందీవారును ఆచార్ యను మాట వాడుదురు. అది పారసీకమునుండి వచ్చినది. తమిళమున ఊఱుకాయ్, ఇది మన ఊరగాయకు తోబుట్టువు. కన్నడము, మరాఠీ కాయలో వేసిన వస్తువును చూచి పేరు పెట్టినవి. తెలుగు, తమిళము కాయలో జరుగు పనిని చూచి పేరు పెట్టినవి.

ఇచ్చట ఒక విశేషము కలదు. గ్రామమను అర్థము గల ఊరు, నీరు స్రవించుట యను అర్థము గల ఊరు, ఈ రెండింటిని నేడు మనము ఒకే విధముగా వ్రాయుచున్నాము. పూర్వము అట్లు కాదు. గ్రామమునకు సాధురేఫమును, స్రవించుటకు శకటరేఫమును, అనగా బండి ఱను, వ్రాసి ఊఱు అనెడివారు. తమిళలిపిలో నేటికిని ఈ రెండు మాటలను వేర్వేరు అక్షరములతోనే వ్రాయుదురు. తమిళనాట చదువుకొను మన విద్యార్థులు పొరుగు భాషలోని ఈ రెండు అక్షరములను చక్కగా నేర్చినచో, పాత తెలుగు గ్రంథములలోని బండి ఱ వారికి పరాయిది గాక, తెలిసిన చుట్టముగా కనబడును.

2. కాయను ఎన్నుకొనుట

దోసావకాయకు వలసినది గుండ్రముగా నో కోలగా నో ఉండి పసుపు రంగునకు తిరిగిన గట్టి దోసకాయ. పచ్చిగా తిను పొడవాటి కీరదోసకాయ దీనికి పనికిరాదు. దాని కండ మెత్తనిది, మరునాటికి జావగారిపోవును. తమిళనాడున దోస యనగానే అంగడివారికి పెనముమీది దోసె తోచును. వెళ్ళరిక్కాయ్ అని అడిగినచో ఆకుపచ్చని కీర నిత్తురు. అందుచేత పేరు చెప్పుటతో ఊరకుండక పసుపుపచ్చని గట్టి కాయ కావలెనని వివరించి చెప్పవలెను. కర్ణాటకమునందు మంగళూరు సౌతెకాయి యను చారల కాయ దొరకును, దానితోను పెట్టవచ్చును. చేతిలోనికి తీసికొన్నప్పుడు బరువుగాను, వ్రేలితో నొక్కినప్పుడు గట్టిగాను ఉండవలెను. తొడిమవద్ద మెత్తబడిన కాయను విడిచిపెట్టవలెను.

ఈ పని అంతటిలో మిక్కిలి ముఖ్యమైనది ప్రతి కాయను రుచి చూచుట. పది కాయలున్నచో పదింటిని చూడవలెను. చిన్న ముక్క కోసి, ముక్కతో పాటు ఒక గింజనుగూడ నాలుకకు తాకించి చూచి, చేదైనచో వెంటనే ఉమిసి ఆ కాయను పూర్తిగా పారవేయవలెను. దోస, సొర, బీర, గుమ్మడి మున్నగునవి ఒకే కుటుంబమునకు చెందిన తీగలు. ఈ కుటుంబపు కాయలలో కొన్నిటియందు కుకుర్బిటాసిన్లు అను చేదు పదార్థములు పుట్టును. తీగకు అవి పురుగులనుండియు పశువులనుండియు రక్షణ. మనకు మాత్రము విషప్రాయములు. వాంతులు, కడుపునొప్పి, విరేచనములు కలిగించును. చేదు సొరకాయ రసము త్రాగి ప్రాణాపాయము పొందినవారి విషయమై భారత వైద్య పరిశోధన మండలి నిపుణులు పరిశీలించి, 2012లో ప్రకటించిన పత్రమునందు చేదు రసమును త్రాగరాదని స్పష్టముగా హెచ్చరించిరి.

ఉప్పు కారములు చేదును కప్పివేయునే గాని పోగొట్టవు. ఉడికించినను అది పోదు. అందుచేతనే ఊరగాయ విషయమున ఈ జాగ్రత్త రెండింతలు అవసరము: కలిపిన పిమ్మట చేదు నాలుకకు సరిగా తెలియకపోవచ్చును. కాయకు వెచ్చించిన డబ్బు పోవునని చేదు కాయను కలుపరాదు. ఒక్క చేదు కాయ జాడీనంతటిని చెరచును.

3. పాళ్ళు

మన అమ్మమ్మలు గిద్దెతోను సోలతోను కొలిచెడివారు. నాలుగు గిద్దెలు ఒక సోల. రెండు సోలలు ఒక తవ్వ. రెండు తవ్వలు ఒక మానిక. తూనికలు, కొలతల ప్రమాణములకై మన దేశమున 1956లో చట్టము వచ్చి, 1958 నుండి మెట్రిక్ పద్ధతి క్రమముగా అమలులోనికి వచ్చిన పిమ్మట అంగడిలో గ్రాములు, లీటర్లు నిలిచినవి. వంటయింటిలో మాత్రము గిన్నె కొలత ఇంకను పోలేదు. గిన్నె కొలతలో ఒక చిక్కు కలదు. గిన్నెడు మెత్తని ఉప్పు, గిన్నెడు రాళ్ళ ఉప్పు ఒకే బరువు తూగవు. రాళ్ళ నడుమ ఖాళీ యుండుటచే రాళ్ళ ఉప్పు తక్కువ తూగును. ఒక యింట చక్కగా కుదిరిన కొలత మరియొక యింట ఉప్పగా నగుటకు ఇది యొక కారణము. కావున మేము తూనికలోనే పాళ్ళు చెప్పుచున్నాము.

గింజలు, గుజ్జు తీసిన దోస ముక్కలు 500 గ్రాములు. ఆవపిండి 50 గ్రాములు. ఎండుమిరప కారము 50 గ్రాములు. మెత్తని ఉప్పు 60 గ్రాములు. నువ్వులనూనె 150 మిల్లీలీటర్లు. పసుపు చిటికెడు. ఇష్టమున్నచో మెంతులు ఒక చిన్న చెంచాడు. అనగా ముక్కలు పది పాళ్ళైనచో ఆవపిండి ఒక పాలు, కారము ఒక పాలు, ఉప్పు ఒక పాలు మీద అయిదవ వంతు, నూనె మూడు పాళ్ళు. ఈ లెక్క తెలిసినవారు ఎంత కాయకైనను తామే పాళ్ళు కట్టుకొనవచ్చును.

నూనె విషయమున ఒక మాట. కోస్తా జిల్లాలలో నువ్వులనూనెను పప్పునూనె యందురు. మన ప్రాంతపు పెద్దలు మంచినూనె యందురు. తమిళులు నల్లెణ్ణెయ్ అందురు. నల్ల యనగా వారి భాషలో మంచి. అనగా రెండు భాషలవారును ఒకే నూనెకు మంచిదని ఒకే బిరుద మిచ్చిరి. అంతేగాదు, నూనె యను మాటయే నువ్వులనుండి వచ్చిన నెయ్యి యను అర్థముతో పుట్టినది. ఎళ్ అనగా నువ్వులు గనుక తమిళపు ఎణ్ణెయ్ కూడ అట్టిదే. మనము వేరుసెనగ నూనె, కొబ్బరినూనె యనునప్పుడెల్ల తెలియకయే నువ్వులను తలచుచున్నాము.

4. కలుపు విధము

కాయలను కడిగి పొడిగుడ్డతో తడి లేకుండ తుడువవలెను. కత్తిపీట, పళ్ళెము, జాడీ, చేతులు అన్నియు పొడిగా నుండవలెను. కాయను నాలుగు చెక్కలు చేసి, గింజలు, గుజ్జు తీసివేసి, తొక్కతోనే అరఅంగుళము ముక్కలుగా తరుగవలెను. తొక్క యుండుటచే ముక్క గట్టిగా నిలుచును. తరిగిన ముక్కలను పొడిగుడ్డమీద పరచి అరగంట నీడన ఆరనీయవలెను.

ఆవాలను ముందుగా ఎండలో పెట్టి చల్లారిన పిమ్మట దంచవలెను. వేయించరాదు. మిక్సీలో వేయువారు ఒక్కసారిగా తిప్పక, ఆపి ఆపి తిప్పవలెను. ఎడతెగక తిప్పిన పిండి వేడెక్కును. దీనికి కారణము ముందు చెప్పెదము.

వెడల్పైన పళ్ళెములో ఆవపిండి, కారము, ఉప్పు, పసుపు పొడిగానే బాగుగా కలుపవలెను. నూనెలో సగము ముక్కలకు పట్టించి, ఆ ముక్కలను కలిపిన పొడిలో పొర్లించి జాడీలో నింపవలెను. మిగిలిన పొడి, మిగిలిన నూనె పైన వేయవలెను. నూనె కాచినచో పూర్తిగా చల్లారిన తరువాతనే వాడవలెను. నీరు ఒక్క చుక్కయు పోయరాదు. జాడీ పింగాణీదైనను గాజుదైనను కావచ్చును. రాగి, ఇత్తడి, అల్యూమినియము పాత్రలు ఉప్పునకు తినివేయబడును గనుక పనికిరావు. మూతిని శుభ్రమైన పొడిగుడ్డతో వాసెన కట్టి నీడన ఉంచవలెను.

ఇది యంతయు సాయంకాలము ఒక గంటలోని పని. మరునాటి ఉదయము పొడి గరిటెతో అడుగునుండి పైకి తిరుగ కలుపవలెను. ఒక పగలు ఒక రాత్రి గడచిన వడ్డింపవచ్చును. రెండవనాటికి ఇంకను బాగుండును. పులుపు కోరువారు నిమ్మరసమును మొదటనే పోయక, మరునాడు తిరుగ కలుపునప్పుడు పిండుకొనవలెను.

తల్లిదండ్రు లిరువురు ఉద్యోగములకు పోవు ఇండ్లు నేడు అనేకములు. ఉదయపు తొందరలో మరియొక కూర చేయుటకు వ్యవధి యుండదు. పప్పు, అన్నము, ముందునాడు పెట్టిన దోసావకాయ ఉన్నచో భోజనమునకు లోటులేదు. పొయ్యితో పనిలేదు గనుక పై తరగతుల బాలురును బాలికలును పెద్దల యెదుట దీనిని స్వయముగా చేయవచ్చును. కత్తిపీట దగ్గర మాత్రము పెద్దల సహాయము ఉండవలెను.

5. రాత్రి జాడీలో జరుగునది

సాయంకాలము పొడిపొడిగా నున్న జాడీలో ఉదయమునకు ఎర్రని ఊట కనబడును. మనము నీరు పోయలేదు. మరి ఈ నీరు ఎచ్చటినుండి వచ్చినది? దోసకాయలో నూటికి తొంబదికి పైగా నీరే. ఆ నీరు చిన్న చిన్న కణములలో బంధింపబడియుండును. కణము చుట్టును ఒక పలుచని పొర కలదు. ఆ పొర నీటిని సులభముగా పోనిచ్చును, ఉప్పును అంత సులభముగా రానీయదు. ముక్క వెలుపల ఉప్పు దట్టముగా నున్నప్పుడు లోపలి నీరు పొరను దాటి ఉప్పు ఉన్న వైపునకు వచ్చును. దీనిని శాస్త్రమున ద్రవాభిసరణము అందురు. మన తల్లులు ఊరుట యందురు.

ఇట్లు వచ్చిన నీరు రెండవ పనికి దారితీయును. ఆవగింజలో సినిగ్రిన్ అను పదార్థము, మైరోసినేజ్ అను ఎంజైము వేర్వేరు చోట్ల ఉండును. గింజ నలిగి, దానికి నీరు తగిలినప్పుడే ఆ రెండును కలిసి ఘాటైన నూనె యొకటి పుట్టును. ముక్కునకెక్కు ఆవఘాటు అదియే. పొడి ఆవపిండిని వాసన చూచిన ఘాటు అంతగా తెలియదు. దానిలో నాలుగు చుక్కల చన్నీరు కలిపి కొంతసేపు ఆగి చూచిన కండ్లు చెమర్చును. ఎంజైము వేడికి ఓర్వదు. అందుచేతనే ఆవాలు వేయింపరాదనియు, పిండి వేడెక్కరాదనియు, కాచిన నూనె చల్లారవలెననియు పైన చెప్పితిమి. తాలింపులో చిటపటలాడిన ఆవాలు ఘాటు లేక కమ్మగా నుండుటకును ఇదియే కారణము. పులుపు ఈ పనిని మందగింపజేయును గనుక నిమ్మరసము మరునాటికి ఆపితిమి.

మూడవ పని నూనెది. మిరపలోని కారమునకు మూలమైన కాప్సైసిన్ నీటిలో దాదాపు కరుగదు, నూనెలో కరుగును. నూనె ఆ కారమును, రంగును తీసికొని ప్రతి ముక్కకు సమముగా పంచును. మిరప మన దేశపు పంట కాదు. అమెరికా ఖండమునందు పుట్టి, 1492 తరువాత సముద్రయానములవలన ప్రపంచమంతట వ్యాపించి, పోర్చుగీసువారి ద్వారా మన తీరములకు వచ్చినది. ఆవాలు, నువ్వులు అంతకు ఎంతయో ముందునుండి మన వంటయింటిలో ఉన్నవే.

ఈ మూడు పనుల వరుసను గమనింపుడు. ఉప్పు ముక్కనుండి నీటిని రాబట్టును. ఆ నీరు ఆవపిండిని మేలుకొలుపును. నూనె కారమును పంచును. ఒకటి కానిది మరియొకటి కాదు. ఇవి తొందరపెట్టిన జరుగు పనులు కావు. మనము బయటినుండి నీరు పోసినచో ఊట వెంటనే కనబడును గాని, ఉప్పు పలుచనై ఊరగాయ చెడును. దోసావకాయను ముందునాడే ఎందులకు పెట్టవలెనను ప్రశ్నకు సమాధాన మిదియే.

6. ఉప్పు లెక్క: రెండు హద్దులు

ఉప్పు తక్కువైన కాయ చెడును. ఎక్కువైన మనిషి చెడును. ఈ రెండు హద్దులను లెక్కకట్టి చూతము.

500 గ్రాముల ముక్కలలో ఇంచుమించు 475 గ్రాములు నీరు. దానిలో 60 గ్రాముల ఉప్పు కరిగిన మొత్తము 535 గ్రాముల ఉప్పునీరు. 60ని 535 చే భాగించిన నూటికి పదకొండు వంతులకు కొంచెము పైగా వచ్చును. నూటికి పదికి మించిన ఉప్పునీటిలో ఆహారమును చెరచు అనేక సూక్ష్మజీవులు పెరుగజాలవు. గాలి తగులని నూనె క్రింద పెరిగి విషము పుట్టించు బొట్యులినమ్ అను సూక్ష్మజీవి కూడ అట్టి ఉప్పులో పెరుగదు. మేము 60 గ్రాములని చెప్పుటలోని మర్మ మిది. నూనె యొక్కటియే కాయను కాపాడునని తలచుట పొరపాటు. నూనె గాలిని ఆపునే గాని, ఉప్పు పనిని చేయదు. తడి గరిటె ముంచిన చోట ఉప్పు పలుచబడును, బయటి సూక్ష్మజీవులు ప్రవేశించును. తడిచేయి పెట్టవద్దని పెద్దలు గద్దించుట ఇందులకే.

ఇక రెండవ హద్దు. ముక్కలు, పొడులు, నూనె అన్నియు కలిపి ఇంచుమించు 800 గ్రాముల ఊరగాయ అగును. అందులో ఉప్పు 60 గ్రాములు. అనగా నూటికి ఏడున్నర. ఒక పూట 20 గ్రాములు వడ్డించుకొన్నచో అందులో ఒకటిన్నర గ్రాముల ఉప్పుండును. పెద్దలు దినమునకు 5 గ్రాములకు లోపుగానే ఉప్పు తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. ఆ లెక్కన ఈ చిన్న ముద్దలోనే దినపు హద్దులో నూటికి ముప్పది వంతులు తీరిపోవును. కావున దోసావకాయ నంజుకొనదగినదే గాని కూరవలె కలుపుకొనదగినది కాదు. రక్తపోటు గలవారు వైద్యుని సలహాను పాటింపవలెను. వారికొరకు ఉప్పు తగ్గించి పెట్టినచో, దానిని మొదటినుండి ఫ్రిజ్జులో ఉంచి రెండు మూడు దినములలో ముగింపవలెను. బయట నిలువ ఉంచరాదు.

పైన చెప్పిన పాళ్ళతో పెట్టిన దోసావకాయను రెండు మూడు దినములు బయట ఉంచి, అటుపిమ్మట ఫ్రిజ్జులో ఉంచి, రెండు వారములలోపుగా తినివేయుట మంచిది. నురుగు కట్టినను, బూజు కనబడినను, వాసన మారినను పైది తీసివేసి అడుగుది తినుట కూడదు, మొత్తమును పారవేయవలెను.

7. నాలుగు క్రియలు

నిప్పు లేకయే కాలమువలన జరుగు వంటయింటి పనులకు తెలుగున నాలుగు చక్కని క్రియలు కలవు. శనగలు నానును. దోసకాయ ఊరును. మామిడిపండు మాగును. దోసెపిండి పులియును. ఈ నాలుగును ఒకటి కావు. నానునది బయటి నీటిని లోనికి తీసికొనును. ఊరునది లోపలి నీటిని బయటికి విడుచును. మాగునది తనలో తానే మారి పిండిని చక్కెరగా చేసికొనును. పులియునది కంటికి కానరాని సూక్ష్మజీవులచే పుల్లనగును. శాస్త్రజ్ఞుడు నాలుగు పాఠములలో చెప్పుదానిని మన భాష నాలుగు మాటలలో ఏనాడో వేరుచేసి ఉంచినది.

మన పిల్లలలో కొందరి నోట బియ్యము ఊరబెట్టితిమను మాట వినబడుచున్నది. తమిళమున బియ్యమునకును ఊఱవైత్తల్ అనియే యందురు. ఆ భాషలో అది సరియైన మాట. పొరుగు భాషతో కలిసి మెలిసి బ్రతుకువారి నోట అది దొరలుట సహజము. దీనికి పిల్లలను గద్దింపనక్కరలేదు. కాని నానుట యను మాట పోయినచో పోవునది ఒక్క మాటయే కాదు. లోనికి పోవు నీటికిని, బయటికి వచ్చు నీటికిని నడుమనున్న భేదమును గుర్తించు చూపు కూడ దానితో పోవును. పుస్తకములలో ఈ మాటలు అరుదుగా కనబడును. అవి బ్రతుకు చోటు వంటయిల్లు. పాఠశాలలో వారమునకు కొన్ని గంటలే తెలుగు వినబడు మన పిల్లలకు, జాడీ దగ్గర అమ్మతోనో అవ్వతోనో తాతతోనో గడపిన ఒక సాయంకాలము మరియొక తెలుగు తరగతితో సమానము. తల్లిదండ్రులు పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, చేయు ప్రతి పనికి పేరు చెప్పుచు చేయింపవలెనని మా మనవి. తరుగుట, దంచుట, పొర్లించుట, వాసెన కట్టుట, తిరుగ కలుపుట: ఈ మాటలు చేతితో నేర్చినచో మరపునకు రావు.

అభ్యాసము

1. రెండు దోస ముక్కలు తీసికొని ఒకదానిపై ఉప్పు చల్లుడు, రెండవదానిని ఊరక ఉంచుడు. గంట తరువాత రెండింటిని పరీక్షించి భేదమును వ్రాయుడు.

2. కొంచెము ఆవపిండిని మూడు భాగములు చేసి, ఒకదానిని పొడిగా నుంచి, రెండవదానిలో చన్నీరు, మూడవదానిలో పెద్దల సహాయముతో మరుగుచున్న నీరు కలుపుడు. పది నిమిషముల తరువాత దేనియందు ఘాటు హెచ్చుగా నున్నది? ఎందుచేత? పాత్రను ముక్కునకు మరీ దగ్గరగా తేరాదు.

3. ముక్కలు 800 గ్రాములున్నచో ఆవపిండి, కారము, ఉప్పు, నూనె ఎంతెంత వలయును?

4. ఒకడు పూటకు 30 గ్రాముల చొప్పున రెండు పూటలు దోసావకాయ తినెను. వాని దేహమునకు చేరిన ఉప్పెంత? దినపు హద్దులో అది ఎన్నవ వంతు?

5. నోరూరు, దోసావకాయ: ఈ మాటలను విడదీసి సంధుల పేర్లు వ్రాయుడు.

6. నానుట, ఊరుట, మాగుట, పులియుట: ఒక్కొక్క క్రియకు మీ యింటి వంటలనుండి రెండేసి ఉదాహరణములు సేకరించి, ఇంటి పెద్దలకు చదివి వినిపించి, తప్పులున్న దిద్దించుకొనుడు.